ఏ గడిలో టిక్కు పెట్టాలి?

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ మోగితే మన జాతికి వచ్చే మొదటి అనుమానం ఒక్కటే: ప్రొడక్షన్ సర్వర్ పడిపోయింది. కళ్ళు నులుముకుని చూస్తే అక్క. తను ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లో ఒక చిన్న ఊళ్ళో డాక్టరు. వాళ్ళకి అప్పటికే తొమ్మిది. మాకు తెల్లారలేదన్న సంగతి తనకి ఇప్పటికీ గుర్తుండదు.

"ఒరేయ్, నువ్వు ఇన్సూరెన్సు ప్రాజెక్టులోనే కదా చేసేది? ఒక ఫారం పంపిస్తున్నా చూడు. ఏ గడిలో టిక్కు పెట్టాలో చెప్పు."

నేను చేసేది కార్ల ఇన్సూరెన్సు అక్కా, నాకు బంపర్లూ, అద్దాలూ తప్ప ఇంకేం తెలీదు అన్నాను. "అదీ ఇన్సూరెన్సే కదా" అని పెట్టేసింది. మన ఇళ్ళల్లో కంప్యూటరు ఇంజనీరంటే టీవీ రిమోటు దగ్గర్నుంచీ అన్నీ తెలిసినవాడు. ఏం చేస్తాం.

సంగతేమిటంటే, అక్క నాలుగేళ్ళు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేసింది. అక్కడ చేసిన వైద్యానికి పూచీ అంతా ప్రభుత్వానిది. ఇప్పుడు ఒక ప్రైవేటు క్లినిక్కులో జీపీగా, అంటే మన భాషలో ఫ్యామిలీ డాక్టరుగా చేరుతోంది. ఇక ఎవరి పూచీ వాళ్ళదే. వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి కోర్టుకెళితే ఆదుకునే సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి. ఆ ఫారంలో వరసగా గడులు: ఆసుపత్రి పూచీ ఉన్న ఉద్యోగి, ప్రొసీజర్లు చేయని జీపీ, ప్రొసీజర్లు చేసే జీపీ, కాన్పులు చేసే జీపీ, కాస్మెటిక్ పనులు చేసేవాళ్ళు... కింద ఏడాదికి ఎంత బిల్లు చేస్తారని ఒక ప్రశ్న. ఇంకా కింద "రెట్రోయాక్టివ్ డేట్" అని ఒక చిన్న ఖాళీ.

క్లినిక్కు వాళ్ళు గురువారం మధ్యాహ్నాలు బొటాక్స్ ఇంజెక్షన్లు కూడా చేయమంటున్నారట. ఆ గడిలోకి వెళితే ప్రీమియం బాగా పెరుగుతుంది. మా నాన్నగారు "తక్కువ కట్టే గడిలో పెట్టెయ్యమ్మా, వారానికి ఒక్క పూటేగా, ఎవడు చూడొచ్చాడు" అన్నారు. ఆయన స్కూటరుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కట్టడం కూడా దండగనుకునే మనిషి. బావగారు ఎటూ మాట్లాడలేదు. అందుకని నా మీద పడింది.

చదవడం మొదలుపెడితే రెండు వారాలు పట్టింది. ఆ గడులు ఎవరో గుమస్తా కూర్చుని గీసినవి కావు. ఒక్కో గడి వెనకా ఎప్పుడో ఎక్కడో ఒక దెబ్బ తగిలిన కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఏ గడో దానంతటదే తెలుస్తుంది. అందుకే ఈ టపా.

కథ 1880లలో ఇంగ్లండులో మొదలవుతుంది. డేవిడ్ బ్రాడ్లీ అనే డాక్టరు ఒక రోగి మీద అత్యాచార ప్రయత్నం చేశాడన్న తప్పుడు ఆరోపణతో జైలుకెళ్ళాడు. ఎనిమిది నెలలు శిక్ష అనుభవించాక నిర్దోషి అని తేలి క్షమాభిక్షతో బయటికొచ్చాడు. డాక్టర్లకి వణుకు పుట్టింది. ఒక్కడిగా ఉంటే లాయరుకి కట్టే డబ్బు కూడా ఉండదు కదా. అలా 1885లో మెడికల్ డిఫెన్స్ యూనియన్ పుట్టింది. 1892లో దానికి పోటీగా ఇంకోటి వచ్చింది, దాన్నే ఇప్పుడు మెడికల్ ప్రొటెక్షన్ సొసైటీ అంటున్నారు. ఆస్ట్రేలియా డాక్టర్లు కూడా ఆలస్యం చేయలేదు, 1893లో న్యూసౌత్ వేల్స్‌లో, 1895లో విక్టోరియాలో ఇలాంటివే పెట్టుకున్నారు.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. ఇవి ఇన్సూరెన్సు కంపెనీలు కావు, సంఘాలు. మన ఊళ్ళల్లో చీటీల వ్యవహారం లాగా, అందరూ తలా కాస్త వేసుకుని ఆపదలో ఉన్నవాడికి ఇవ్వడం. మొదట్లో పని అంతా పరువు కాపాడటం, లాయరు ఖర్చు పెట్టడం. రోగికి నష్టపరిహారం కట్టే బాధ్యత తర్వాత తర్వాత వచ్చి చేరింది. ఇంకో సంగతి, అందరికీ ఒకే చందా. జ్వరానికి మాత్ర ఇచ్చే డాక్టరూ అంతే, పుర్రె తెరిచే డాక్టరూ అంతే. గడులు లేవు. ఉండేదల్లా పక్కవాడు మనవాడే అన్న నమ్మకం.

ఆ నమ్మకం దాదాపు వందేళ్ళు నడిచింది. తర్వాత కేసులు పెరిగాయి, పరిహారాలూ పెరిగాయి. బ్రిటన్‌లో 1978లో ఏడాదికి 40 పౌండ్లున్న చందా 1988కి 1,080 పౌండ్లయింది. పదేళ్ళలో ఇరవయ్యేడు రెట్లు! అప్పుడు చర్మవ్యాధుల డాక్టరుకి సహజంగానే అనుమానం వచ్చింది, కాన్పుల డాక్టరు కేసులకి నేనెందుకు కట్టాలి అని. అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కానీ దానికి జవాబు చెబితే కాన్పుల డాక్టరు చందా ఆకాశానికంటుతుంది, ఇక ఆ పని చేసేవాడే ఉండడు. ఈ గొడవలోనే 1990 జనవరి నుంచి ఆసుపత్రి డాక్టర్ల పూచీని ప్రభుత్వమే నెత్తినేసుకుంది. బయట క్లినిక్కుల్లో చేసే జీపీలు మాత్రం ఇంకో ఇరవై తొమ్మిదేళ్ళు, 2019 ఏప్రిల్ దాకా, సొంత డబ్బే కట్టుకున్నారు. అంటే "నువ్వు ఏ పని చేస్తావు, ఎవరి కింద చేస్తావు" అన్న రెండు ప్రశ్నలూ అక్కడ పుట్టాయి. అక్క ఫారంలో మొదటి వరస గడులన్నీ ఈ రెండు ప్రశ్నలే.

మరి ఆ చివర్లో ఉన్న తేదీ గొడవేమిటి? దానికి అమెరికా వెళ్ళాలి.

మన భాషలో చెప్తాను. మీరు 2019లో ఒక కోడ్ కమిట్ చేశారు. అందులో బగ్ ఉంది. అది 2026లో బయటపడి టికెట్ తెరిచారు. ఈలోపు మీరు రెండు కంపెనీలు మారారు. ఇప్పుడు ఆ బగ్ ఏ సంవత్సరం లెక్కలోకి వస్తుంది? కమిట్ చేసిన తేదీదా, టికెట్ తెరిచిన తేదీదా?

డాక్టర్ల ఇన్సూరెన్సులో మొత్తం తలనొప్పి ఇదే. మొదటి పద్ధతిని అకరెన్స్ అంటారు. తప్పు జరిగిన రోజున మీకు పాలసీ ఉంటే చాలు, కేసు ఇరవై ఏళ్ళకి వచ్చినా ఆ పాత పాలసీయే చూసుకుంటుంది. డాక్టరుకి హాయి. కంపెనీకి నరకం, ఎందుకంటే ఇవాళ తీసుకున్న ప్రీమియంతో ఇరవై ఏళ్ళ తర్వాతి పరిహారం కట్టాలి. ఎంతవుతుందో ఇవాళ ఎవరికి తెలుసు? అమెరికాలో 1970లలో కేసులు విపరీతంగా పెరిగి కంపెనీలు వరసగా తప్పుకోవడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియాలో పరిస్థితి ముదిరి 1975లో పరిహారాల మీద పరిమితులు పెడుతూ చట్టమే చేశారు. దాదాపు అప్పుడే సెయింట్ పాల్ అనే పెద్ద కంపెనీ రెండో పద్ధతి తెచ్చింది, క్లెయిమ్స్ మేడ్. కేసు వచ్చిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి. తప్పు జరిగిన రోజు కూడా రెట్రోయాక్టివ్ డేట్ తర్వాతది అయ్యుండాలి. పాలసీ ఆపేశారా, ఆపిన మర్నాడు వచ్చే పాత కేసు మీ సొంత జేబుకే.

అందుకే అమెరికాలో మన తెలుగు డాక్టర్లెవరైనా ఉద్యోగం మారేటప్పుడు "టెయిల్ ఎవరు కడతారు" అని జీతం కన్నా ముందు అడుగుతారు. టెయిల్ అంటే తోక. వదిలేసిన పాలసీకి వెనకాల తగిలించుకునే రక్షణ. ఏడాది ప్రీమియానికి రెండింతల దాకా కూడా అవుతుంది. తోకే కదా అని తీసిపారేయడానికి లేదు. ఈ కొత్త పద్ధతి తెచ్చిన సెయింట్ పాల్ కూడా 2001 డిసెంబరులో ఈ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని ప్రకటించింది. అదీ కొసమెరుపు.

ఇప్పుడు అక్క ఉన్న దేశానికొద్దాం. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

1893లో పుట్టిన ఆ న్యూసౌత్ వేల్స్ సంఘం పెరిగి పెద్దదై యునైటెడ్ మెడికల్ ప్రొటెక్షన్ అయింది. 2000 నాటికి దేశంలో సుమారు 60 శాతం డాక్టర్లు అందులోనే. పైకి అంతా బాగానే ఉంది. లోపల మాత్రం ఒక లెక్క వేయకుండా వదిలేశారు. ఇన్సూరెన్సు భాషలో దాన్ని ఐబీఎన్ఆర్ అంటారు. జరిగిపోయింది కానీ ఇంకా ఎవరూ చెప్పలేదు. మన భాషలో, కోడ్‌లో ఉన్నాయి కానీ టికెట్ పడని బగ్గులు. తెరిచిన టికెట్లు మాత్రమే లెక్కేసుకుని సిస్టం బ్రహ్మాండంగా ఉందని మేనేజరుకి రిపోర్టు పంపితే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

2000లో సభ్యుల్ని అదనపు చందా అడగాల్సొచ్చింది. 2001 మార్చిలో హెచ్‌ఐహెచ్ అనే పెద్ద ఇన్సూరెన్సు కంపెనీ కుప్పకూలింది. అదే ఏడాది నవంబరులో సిడ్నీ కోర్టు ఒక యువతికి 1 కోటి 42 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం తీర్పు చెప్పింది (తర్వాత అప్పీల్లో కొంత తగ్గింది). ఆమె పుట్టింది 1979లో, కాన్పు సమయంలో మెదడు దెబ్బతింది. అంటే కమిట్‌కీ, తీర్పుకీ మధ్య ఇరవై రెండేళ్ళు. 2002 మేలో యునైటెడ్ మెడికల్ ప్రొటెక్షన్ లిక్విడేటర్ చేతిలోకి వెళ్ళింది. డబ్బు పక్కన పెట్టని పాత బాధ్యతలు 40 కోట్ల డాలర్ల పైమాటే.

మర్నాటి నుంచి డాక్టర్లకి ఆపరేషన్ చేయాలంటే భయం. కొంతమంది వాయిదా వేశారు. చివరికి ప్రభుత్వం హామీ ఇచ్చి ఆదుకుంది. ఆ దెబ్బతో నిబంధనలన్నీ మారాయి. 2003 జులై నుంచి సంఘం దయ మీద ఆధారపడే రక్షణ కాకుండా ఖచ్చితమైన ఇన్సూరెన్సు కాంట్రాక్టే ఇవ్వాలన్నారు. 2004 జులైలో రన్ ఆఫ్ కవర్ స్కీమ్ పెట్టారు. రిటైరైన డాక్టర్లకీ, కాన్పు సెలవులో ఉన్నవాళ్ళకీ, తాత్కాలిక వీసా మీద వచ్చి పని మానేసి శాశ్వతంగా దేశం వదిలి వెళ్ళిపోయేవాళ్ళకీ కూడా తోక ఉచితం. ఆ చివరి రకంలో మనవాళ్ళు ఎంతమంది ఉంటారో, వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

"సంఘం దయ" అన్నాను కదా, అది చిన్న మాట కాదు. బ్రిటన్‌లో ఇప్పటికీ పెద్ద డిఫెన్స్ సంఘాల సభ్యత్వం విచక్షణ మీద ఆధారపడేదే. అడిగే హక్కు సభ్యుడికి ఉంటుంది, ఇవ్వాలా వద్దా అన్నది సంఘం ఇష్టం. మామూలుగా ఇస్తారు. ఇవ్వనిది ఎప్పుడో చూడండి. ఇయాన్ ప్యాటర్సన్ అనే రొమ్ము సర్జను అవసరం లేని ఆపరేషన్లు వందల మందికి చేశాడు. 2017లో నేరం రుజువై జైలుకెళ్ళాడు. అది నేరం కాబట్టి మేం చెల్లించం అని సంఘం పక్కకు తప్పుకుంది. డాక్టరు సంగతి వదిలేయండి. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న ఆ ఆడవాళ్ళ తప్పేముంది? చివరికి ప్రైవేటు ఆసుపత్రి కంపెనీ ముందుకొచ్చి 3 కోట్ల 70 లక్షల పౌండ్ల నిధితో సర్దుబాటు చేయాల్సొచ్చింది. 2020లో వచ్చిన విచారణ నివేదిక ఈ విచక్షణ పద్ధతిని సరిచేయమని సిఫారసు చేసింది.

ఇది చదివాకే నాకు లైటు వెలిగింది. అప్పటిదాకా నేను ఇది డాక్టరుని కాపాడే కాగితం అనుకున్నాను. అది సగమే నిజం. దెబ్బతిన్న మనిషికి డబ్బు అందేలా చూసే కాగితం కూడా అదే. గడి తప్పయితే ఇద్దరూ రోడ్డున పడతారు.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకునేరు. మన దగ్గర 1995 నవంబరులో సుప్రీంకోర్టు, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. అప్పటి నుంచి మన డాక్టర్లకీ ఈ పాలసీలు అవసరమయ్యాయి. ఇక్కడా గడులే: మందులు రాసే ఫిజీషియన్‌కి తక్కువ, సర్జన్‌కి ఎక్కువ, మత్తు డాక్టర్లకీ ప్లాస్టిక్ సర్జన్లకీ ఇంకా ఎక్కువ. ఇక్కడివీ సాధారణంగా క్లెయిమ్స్ మేడ్ పాలసీలే. ఒక్క ఏడాది రెన్యూవల్ మర్చిపోతే వెనకటి ఏళ్ళన్నీ గాల్లో కలిసిపోయే ప్రమాదం ఉంది.

మన హైదరాబాదు కేసే ఒకటుంది, మన వృత్తి వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. 1990లో ఇరవయ్యేళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థి ఒకాయన ఛాతీలో కణితితో నిమ్స్‌లో చేరారు. ముక్క తీసి పరీక్షించడానికి అనుమతి తీసుకుని, తెరిచాక కణితినే తీసేశారు. నడుం కింద భాగం చచ్చుబడిపోయింది. ఆయన అలాగే చదువు ముగించి సాఫ్ట్‌వేర్ ఇంజనీరయ్యారు. సుప్రీంకోర్టులో చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నారు. 1999లో జాతీయ కమిషను 15 లక్షల పైచిలుకు ఇవ్వమంటే, 2009 మేలో సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలకి పెంచి వడ్డీ కూడా కలిపింది. పంతొమ్మిదేళ్ళు! ఆ మధ్యలో ఎంతమంది రిటైరయ్యి ఉంటారు, ఎన్ని పాలసీలు మారి ఉంటాయి? అక్కడ పూచీ సంస్థది కాబట్టి సరిపోయింది. అదే ఒక చిన్న నర్సింగు హోమైతే?

ఆ కేసులో నాకు తట్టింది ఇంకోటి. చెప్పిన పని ఒకటి, చేసిన పని ఇంకొకటి. గడి తప్పుగా నింపడమంటే అదే కదా.

ఇక అక్క ఫారం. వచ్చే ఆదివారం నేనే ఫోన్ చేశాను, నా టైము ప్రకారం. నా ప్రశ్నలు నాలుగే: నిజంగా చేసే పనులు ఏవి, చేయమంటే ఒప్పుకునేవి ఏవి? ఎవరి పూచీ కింద చేస్తున్నావు? ఏ తేదీ నుంచి చేస్తున్నావు? మానేసిన రోజు తోక ఎవరిది?

మొదటిదానికి తేలిగ్గానే తేలింది. గురువారం ఒక్క పూటైనా బొటాక్స్ బొటాక్సే. ఆ కంపెనీ గైడులో దానికి గడి వేరే ఉంది. వారానికి ఒకసారి మాత్రమే రన్ అయ్యే జాబ్‌లో బగ్ వస్తే, అది వారానికి ఒకసారే కదా అని క్లయింటు ఊరుకుంటాడా? అక్క ఆలోచించి, ఆ పని అసలు చేయనని క్లినిక్కుకి చెప్పేసింది. "నాకూ ఇష్టం లేదురా, మొహమాటానికి ఒప్పుకున్నా" అంది. చర్మం మీద చిన్న చిన్న కోతలు మాత్రం చేస్తుంది. అవి ఏ గడిలోకి వస్తాయో కంపెనీకే మెయిలు రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకుంది.

మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. రెట్రోయాక్టివ్ డేట్ దగ్గర ఇవాళ్టి తేదీ వేసింది. "అంతకు ముందంతా ప్రభుత్వాసుపత్రే కదా, ప్రైవేటుగా ఒక్క రోజు కూడా చేయలేదా" అన్నాను. కాసేపు మాట లేదు.

"రెండేళ్ళ కిందట ఆరు శనివారాలు చేశాను. ఒక ఫ్రెండు సెలవు పెడితే దాని బదులు వెళ్ళాను."

"అప్పుడు నీకు ఏ కవర్ ఉంది?"

"ఆసుపత్రి ఉద్యోగి గడిలో ఉంది. ఆ క్లినిక్కు వాళ్ళే ఏదో చూసుకుంటారనుకున్నా."

ఆరు శనివారాలు. రోజుకి ముప్పై మంది చొప్పున వేసుకున్నా నూట ఎనభై మంది. ఏ కాగితమూ లేకుండా. అక్కని తిట్టే అర్హత నాకు లేదు, టెస్టింగు లేకుండా శుక్రవారం సాయంత్రం కోడ్ పెట్టిన వాడిని. ఉన్నదున్నట్టు కంపెనీకి చెప్పేయమన్నాను. చెప్పింది. వాళ్ళు కొన్ని ప్రశ్నలడిగి, కొంత అదనంగా కట్టించుకుని, తేదీ వెనక్కి జరిపారు. దాచి ఉంటే ఏమయ్యేదో నాకు ఊహించాలని లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నా. మర్నాడు మళ్ళీ తెల్లవారుజామునే ఫోన్.

"ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉందిరా, క్లెయిముకి దారితీసే సంఘటన ఏదైనా మీకు తెలుసా అని. లేదు అని పెట్టాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ శనివారాల్లో ఒక ముసలాయన వచ్చాడు, చెరుకు రైతు. మోకాలి నొప్పికి వచ్చి, వెళ్తూ వెళ్తూ వీపు మీద మచ్చ చూపించాడు. హడావుడిలో ఉండి ఏం ఫర్లేదన్నాను. రాసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు."

క్లినిక్కుకి ఫోన్ చేసి ఆయన్ని మళ్ళీ పిలిపించి చూడమని అడిగింది. కంపెనీకి కూడా ఆ సంగతి రాసి పంపింది. పిలిచారట. ఆయన ఇంకా రాలేదు, కోతల రోజులు కదా.

నాన్నగారికి మొత్తం చెప్పాం. ఆయన ప్రీమియాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని, "దీంతో ఇక్కడ మంచి స్కూటరొస్తుందే" అన్నారు. కాసేపాగి, "ఆ ముసలాయన వచ్చాడేమో కనుక్కోమ్మా" అన్నారు.